రెండో ఉద్యోగానికి బీఆర్ కోడ్ వస్తే

లెస్టర్

చిరంజీవి అమ్ములుకు, పిన్ని ఆశీస్సులు.

నువ్వు పంపిన పే స్లిప్పులు రెండూ చూశాను. కేఫ్ వాళ్లు 400 పౌండ్లలో 80 పట్టుకున్నారని గొడవకు దిగకు, వాళ్ల తప్పేమీ లేదు. స్లిప్పు మీద టాక్స్ కోడ్ అనే చోట బీఆర్ అని ఉంది చూడు. ఈ జీతంలో ప్రతి పౌండు మీదా 20 శాతం పన్ను పట్టమని దాని అర్థం. సూపర్‌మార్కెట్ స్లిప్పులో 1257ఎల్ ఉంది, అందుకే అక్కడ పన్ను సున్నా.

బ్రిటన్‌లో ఏడాదికి 12,570 పౌండ్ల ఆదాయం వరకు పన్ను లేదు. అందులో చివరి అంకె తీసేసి ఎల్ తగిలించిందే ఆ కోడ్. ఈ మినహాయింపు మనిషికి ఒక్కటే, ఉద్యోగానికొకటి కాదు. మామూలుగా దాన్నంతా ఒక ఉద్యోగానికే పెట్టి, రెండోదానికి బీఆర్ వేస్తారు. మొదటి జీతమే 12,570 దాటేవాళ్లకు ఇది సరిపోతుంది. నీకు సరిపోదు. సూపర్‌మార్కెట్‌లో నెలకు 640, కేఫ్‌లో 400. ఏడాది పొడవునా ఇలాగే సాగినా 12,480. అంటే నువ్వు ఒక్క పెన్నీ కూడా కట్టనక్కర్లేదు. కానీ సూపర్‌మార్కెట్‌లో 7,680 మాత్రమే వాడుకుని మిగతా 4,890 మినహాయింపును ఊరికే వదిలేస్తున్నావు, కేఫ్‌లో మాత్రం ఏడాదికి 960 పౌండ్ల చొప్పున పన్ను పోతోంది.

కేఫ్ మేనేజరును బతిమాలి లాభం లేదు. జీతాల విభాగంలో పనిచేసే మాకు కోడ్‌ను సొంతంగా మార్చే అధికారం ఉండదు, పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ పంపింది అమలు చేయడమే. కాబట్టి వాళ్లకే ఫోను చేసి, మినహాయింపును రెండు ఉద్యోగాలకూ పంచమని అడుగు. నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి పట్టే సామాజిక భద్రత చందా) నంబరు, రెండు చోట్లా ఏడాదికి ఎంత రావచ్చో అంచనా దగ్గర పెట్టుకో. 768, 489 అంకెలతో కొత్త కోడ్‌లు వస్తే పంపకం సరిగ్గా జరిగినట్టే. ఈ పన్ను సంవత్సరంలో (ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 వరకు) ఎక్కువ పట్టినది తర్వాతి జీతంలోనే తిరిగి వచ్చేస్తుంది. పని గంటలు వారం వారం మారిపోతుంటే మాత్రం పంచమని అడగకు. ఒకచోట గంటలు తగ్గితే అక్కడి మినహాయింపు మళ్లీ ఖాళీగా మిగులుతుంది.

రేపు ఇంకో ఉద్యోగంలో చేరితే స్టార్టర్ చెక్‌లిస్ట్ అనే కాగితం ఇస్తారు, అందులో ఏ, బీ, సీ అని మూడు ఎంపికలుంటాయి. మన పిల్లలు దాన్ని చదవకుండానే టిక్కు పెట్టేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. ఏప్రిల్ 6 తర్వాత ఇదే మొదటి ఉద్యోగమైతే ఏ. ఈ పన్ను సంవత్సరంలోనే ఇంతకుముందు ఇంకోటి ఉండి ఇప్పుడిది ఒక్కటే అయితే బీ. ఇంకో ఉద్యోగం కూడా నడుస్తుంటే సీ. సీ పెడితే బీఆర్ వస్తుందని ఎవరో చెప్పగా, రెండు చోట్లా ఏ పెట్టేసేవాళ్లున్నారు. ఒకచోట నెలకు 1,000, ఇంకోచోట 600 వచ్చే మనిషి అలా చేస్తే రెండు చోట్లా పన్ను సున్నా. ఏడాది తిరిగాక 1,326 పౌండ్ల బాకీ అని ఉత్తరం వస్తుంది. ఎక్కువ కట్టినది వెనక్కి తెచ్చుకోవచ్చు, ఖర్చయిపోయిన డబ్బు ఎక్కడినుంచి తెస్తారు? అసలు కాగితమే ఇవ్వకపోతే 0టీ వేస్తారు, అప్పుడు ఆ జీతానికి మినహాయింపే ఉండదు.

నువ్వు అక్టోబరులో చేరావు కదా, మినహాయింపు కూడా సగమే వస్తుందేమో అని అడిగావు. కాదు, మొత్తం వస్తుంది. అందుకే ఏప్రిల్ 5 లోపు కేఫ్ పట్టుకున్నదంతా నీదే. ఇప్పుడు ఫోను చేయడానికి బద్ధకిస్తే, జూన్ తర్వాత హెచ్ఎంఆర్‌సీ నుంచి పీ800 అనే పన్ను లెక్క వచ్చేదాకా ఆగాలి. రాకపోయినా నాలుగేళ్ల లోపు అడగవచ్చు. ఈలోగా రీఫండు ఇప్పిస్తామని కమీషన్ అడిగే ఏజెంట్ల దగ్గరికి వెళ్లకు, ఆ పని ఉచితంగా నువ్వే చేసుకోవచ్చు. రీఫండు కోసం ఇక్కడ నొక్కండి అని ఫోనుకు సందేశం వస్తే నమ్మకు.

నేషనల్ ఇన్సూరెన్స్ కోత లేదేమిటని కూడా అడిగావు. వేర్వేరు యజమానుల దగ్గర దాన్ని విడివిడిగా లెక్కిస్తారు, నెలకు 1,048 పౌండ్లు దాటితేనే కోత.

ఇక వీసా సంగతి. పన్ను గురించి అడిగితే వీసాకు ముప్పని నీ రూమ్మేట్లు భయపెట్టినట్టున్నారు. పన్ను వెనక్కి అడగడం తప్పు కాదు. స్టూడెంట్ వీసా మీద తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదన్నది మాత్రం రెండు ఉద్యోగాలకూ కలిపి, చెరో ఇరవై కాదు. క్రిస్మస్ ముందు కేఫ్ వాళ్లు అదనపు షిఫ్టు ఇస్తామంటే, సూపర్‌మార్కెట్ గంటలు కూడా కలుపుకుని చూసి ఒప్పుకో.

స్లిప్పులు పారేయకు. మే నెలాఖరులోగా రెండు చోట్లా పీ60 (ఏడాది మొత్తం జీతం, పన్ను చూపే కాగితం) ఇస్తారు, అవి కూడా జాగ్రత్త చేయి. మధ్యలో ఒకటి మానేస్తే, అప్పటిదాకా వచ్చిన జీతం, పట్టిన పన్ను చూపే పీ45 అడిగి తీసుకో. కొత్త కోడ్ వచ్చిన స్లిప్పు నాకు పంపు.

మీ పిన్ని