కొలనోస్కోపీలో కృత్రిమ మేధ

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి కొలనోస్కోపీ చేయాలన్నారు. అందులో కృత్రిమ మేధ సాయం తీసుకుంటారట. అంటే పరీక్ష చేసేది యంత్రమేనా? దాన్ని నమ్మవచ్చా?

జవాబు: కెమెరా ఉన్న గొట్టాన్ని పెద్దపేగులో నడిపేదీ, పాలిప్‌ను (పేగు లోపలి పొరపై పెరిగే చిన్న కండను) తొలగించేదీ వైద్యులే. పెద్దపేగు లోపలి నుంచి కెమెరా పంపే వీడియోను కంప్యూటర్ అదే క్షణంలో పరిశీలించి, పాలిప్‌లా అనిపించిన చోట తెరపై చిన్న చతురస్రం గీస్తుంది. అది నిజంగా పాలిప్పో, నీటి బుడగో, మిగిలిపోయిన మలపు తునకో వైద్యులే తేల్చుకుంటారు. పేగు పొర రంగులోనే కలిసిపోయే చదునైన పాలిప్‌లు అనుభవజ్ఞుల కంటికి సైతం చిక్కకపోవచ్చు కాబట్టి ఈ సాయం విలువైనదేనని నా అభిప్రాయం. 2019లో వెలువడిన ఒక చైనా అధ్యయనంలో, ఈ సాయంతో అడినోమాలు (క్యాన్సర్‌గా మారే అవకాశమున్న పాలిప్‌లు) బయటపడినవారి శాతం 20.3 నుంచి 29.1కి పెరిగింది, అయితే అదనంగా దొరికినవాటిలో ఎక్కువ భాగం చాలా చిన్నవి.

ముడతల వెనుక దాగి కెమెరాకు అందనిది కంప్యూటర్‌కూ కనిపించదు. అందుకే వైద్యులు గొట్టాన్ని నిదానంగా వెనక్కి తీయాలి, అంతకన్నా ముందు పేగు శుభ్రంగా ఉండాలి. విరేచనాల మందును చాలామంది వికారంతో సగంలోనే ఆపేస్తారు. దయచేసి మీరు దగ్గరుండి చెప్పిన మోతాదంతా తాగించండి. ఆయన మధుమేహానికి గానీ, రక్తం గడ్డకట్టకుండా గానీ మందులు వాడుతుంటే ఆ సంగతి వైద్యులకు ముందే తెలియజేయండి.