కర్ణుడి లోపం ఏదని అడిగిన మీకు

“విషాద నాయకుడిలో అతని నాశనానికి కారణమయ్యే లోపం ఒకటి ఉండాలంటారు కదా. కర్ణుడిలో అది దానగుణమా, దుర్యోధనుడితో స్నేహమా, పుట్టుక గురించిన బాధా? పరీక్షలో ఏది రాయాలి?” అని అడిగారు. ఏది రాస్తే మార్కులు పడతాయో నేను చెప్పలేను. కానీ ఈ ప్రశ్న చాలా ఏళ్లుగా నన్ను వదలలేదు. అనంతపురం జిల్లాలోని మా ఊరి పద్యనాటకాల్లో కర్ణుడి వేషం మా పెదనాన్నది. డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్నప్పుడు నాకు అంతుపట్టని సంగతి ఆయన పొలం గట్టు మీద నిలబడ్డ రోజున అర్థమైంది.

ముందుగా “లోపం” అన్న మాట సంగతి చూద్దాం. విషాద నాటకం గురించి రాసిన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ వాడిన మాట హమార్షియా. దాని మూలంలో ఉన్న అర్థం గురి తప్పడం. వేసిన బాణం, విసిరిన బల్లెం లక్ష్యానికి తగలకపోవడం. దాన్ని మనం “లోపం” అని తెచ్చుకున్నాక, మనిషి స్వభావంలో ఒక మచ్చను వెతికి పట్టుకోవడమే పని అయిపోయింది. షేక్స్పియర్ నాయకుల్లో ఒథెల్లోకు అసూయ, మాక్బెత్‌కు రాజ్యకాంక్ష, హామ్లెట్‌కు తాత్సారం అని నోట్సులో ఒక్కొక్కరికి ఒక్కో మాట రాసి ముగిస్తాం. షేక్స్పియర్ విషాదాల మీద 1904లో పుస్తకం వేసిన బ్రాడ్లీ కూడా అంత తేలికగా చెప్పలేదు. నాయకుడిని గొప్పవాడిని చేసిన గుణమే అతనికి ప్రాణాంతకమవుతుందన్నాడు. గ్రీకు నాటకంలోని రాజు ఈడిపస్‌ను చూడండి. తెలియకుండానే తండ్రిని చంపి తల్లిని పెళ్లాడినవాడు. ఎవరూ విప్పలేని పొడుపుకథ విప్పి థీబ్స్ నగరాన్ని కాపాడింది అతని బుద్ధి. నిజం తేలేదాకా ఆగలేని ఆ బుద్ధే, ఇక అడగవద్దని భార్య జొకాస్టా బతిమాలినా వినకుండా, అతని చేత తన కథనే తవ్వించింది. ఇందులో ఏ ముక్కను లోపమని కోసి పక్కన పెడతారు?

ఇప్పుడు కర్ణుడు. గురి తప్పడం అనే మాట ఏ నాయకుడికైనా అక్షరాలా సరిపోయిందంటే అది ఇతనికే. నాగాస్త్రం సంధించినప్పుడు, ఈ బాణం అర్జునుడి మెడకు అందదు, గురి సరిచూసుకుని వేయమని సారథి శల్యుడు చెబుతాడు. కర్ణుడు రెండోసారి గురి చూడడని సమాధానం. కృష్ణుడు రథాన్ని నేలలోకి అణుస్తాడు, బాణం కిరీటాన్ని ఎగరగొట్టి పోతుంది. ఆ ఒక్క క్షణంలో ఉన్నది గర్వమా, విలుకాడి నీతా? రెండూ ఉన్నాయి, విడదీయలేం. పరశురాముడి దగ్గర జరిగిందీ అలాంటిదే. బ్రాహ్మణుణ్ణని అబద్ధం చెప్పి విద్యకు చేరాడు. గురువు తన తొడ మీద తల పెట్టుకుని నిద్రపోతుంటే పురుగు తొలిచింది. గురువుకు నిద్రాభంగమవుతుందని కదలలేదు. ఆ ఓర్పే అతణ్ణి పట్టించింది. ఇంతటి నొప్పి ఓర్చినవాడు బ్రాహ్మణుడు కాడని గ్రహించి గురువు శపించాడు. అబద్ధం దాచిన దాన్ని గురుభక్తి బయటపెట్టింది.

దానగుణం మాత్రం రాయకండి, నా మనవి. ఇంద్రుడు మారువేషంలో వస్తాడని సూర్యుడు కలలో ముందే చెప్పాడు. తెలిసి, ఆలోచించి, కవచకుండలాలు ఇచ్చేశాడు. అక్కడ గురి తప్పలేదు, తాను ఏమి కావాలనుకున్నాడో అదే అయ్యాడు. కుంతికిచ్చిన మాట కూడా అంతే. యుద్ధంలో ధర్మరాజు, భీముడు, నకులసహదేవులు చేతికి చిక్కినా చంపకుండా వదిలేశాడు.

నా దృష్టిలో అతని బాణం దారి తప్పింది కురుక్షేత్రంలో కాదు, జూదసభలో. ద్రౌపదిని అనరాని మాటలన్నది, వలువలు ఒలవమన్నది కర్ణుడు. లోకమంతా సూతపుత్రుడని నవ్విన రోజున అంగరాజ్యమిచ్చి నిలబెట్టిన మిత్రుడి పట్ల కృతజ్ఞత ఉందే, అది మంచిదే. కానీ ఆ మంచి అక్కడ ఒక ఆడమనిషి మీదికి గురిపెట్టబడింది. రథచక్రం కుంగినప్పుడు అతను ధర్మం గుర్తు చేస్తే, ఆ సభనాడు నీ ధర్మం ఎక్కడికి పోయిందని కృష్ణుడు అడిగాడు. అప్పుడతని దగ్గర జవాబు లేదు. ఇంకో సంగతి, ఇది చాలామంది గమనించరు. యుద్ధానికి ముందే, వ్యాసభారతం ఉద్యోగపర్వంలో, దుర్యోధనుడి మెప్పు కోసం పాండవులను పరుషంగా అన్నందుకు ఇప్పుడు తపిస్తున్నానని కర్ణుడు కృష్ణుడితో తనే చెప్పుకుంటాడు. తప్పు తెలిసింది, అయినా పక్షం మారలేదు. తన తప్పును తాను గుర్తించే ఆ ఘట్టం లేకపోతే నా మటుకు అతను విషాద నాయకుడే కాడు, దురదృష్టవంతుడు మాత్రమే. జవాబులో ఈ భాగం తప్పక రాయండి.

మన ప్రాంతపు ఉదాహరణ కావాలంటే ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఉన్నారు. ఆయన “విషాద సారంగధర” తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరుపొందింది. పావురం కోసం సవతితల్లి చిత్రాంగి మేడకు వెళ్లిన సారంగధరుడి మీద నింద పడుతుంది. తండ్రి రాజరాజ నరేంద్రుడు విచారించకుండా కాళ్లూ చేతులూ నరికించే ఆజ్ఞ ఇస్తాడు. పేరు సారంగధరుడిది కాబట్టి నాయకుడు అతనే అనుకుంటాం. కానీ మచ్చలేనివాడు పతనమైతే అది విషాదం కాదు, వెగటు పుట్టిస్తుందని అరిస్టాటిల్ మాట. ఆ లెక్కన అసలు విషాద నాయకుడు తండ్రి. న్యాయానికి తన బిడ్డ అయినా ఒకటే అన్న రాజు, ఆ న్యాయాన్నే తప్పు మనిషి మీద ప్రయోగించాడు. మీ అధ్యాపకులు ఒప్పుకోకపోవచ్చు, నేను మాత్రం ఇలాగే చదువుతాను.

పెదనాన్న సంగతి చెప్పి ముగిస్తాను. నాటకంలో శల్యుడి వేషగాడు గురి మార్చమని చెప్పగానే ఆయన విల్లు దించి, జనం వైపు ఒక్క అడుగు వేసి పద్యం ఎత్తుకునేవారు. హార్మోనియం వాయించే ఆయన కూడా చేతులు ఆపి వినేవాడు. జనం మళ్లీ పాడమని కేకలు వేసేవారు. 1996లో మా బోరులో 210 అడుగులకే రెండించుల నీళ్లు పడ్డాయి. పెదనాన్న వేరుశనగ మానేసి నాలుగెకరాల్లో చీనీ (బత్తాయి) తోట పెట్టారు. పక్క చేల వాళ్లిద్దరూ ఆయన నీళ్లను నమ్ముకుని చీనీ పెట్టారు. వేరుశనగ పోతే ఒక ఏడాది పోతుంది. చీనీ చెట్టు కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది. చెట్టు ఎండిందంటే ఆ ఏళ్లన్నీ ఎండినట్టే. 2002 కరువులో బోరు అడుగంటింది. మొదట అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చూసే మనిషిని పిలిచారు, తర్వాత యంత్రంతో చూసే ఆయన్ను పిలిచారు. కింద అంతా రాయేనని ఆయన తేల్చి చెప్పాడు. మా నాన్న చేతులు పట్టుకుని వద్దన్నారు. “నన్ను నమ్ముకుని వాళ్లు కూడా చెట్లు పెట్టారురా” అన్నది పెదనాన్న జవాబు. అప్పు చేసి ఒకదాని తర్వాత ఒకటి, మొత్తం ఏడు బోర్లు వేయించారు. ఏడోది వేస్తున్న రాత్రి నేను గట్టు మీద ఆయన పక్కనే ఉన్నాను. తెల్లవారేదాకా తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. చెట్లు కొట్టేశాం, పొలం అమ్మేశాం. ఆయన బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు కాపలా ఉద్యోగానికి వెళ్లిపోయారు.

మొండితనం అని ఊళ్లో అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఇద్దరు పేద రైతుల పట్ల బాధ్యతను మొండితనమని ఎలా అంటారు? అలాగని ఏడో బోరు తప్పు కాదని కూడా నేను అనలేను.

ఈ సంక్రాంతికి ఆయన ఊరికి వచ్చారు. మీ ప్రశ్న చదివి వినిపించి, కర్ణుడు ఎక్కడ తప్పాడు పెదనాన్నా అని అడిగాను. ఎడమచేయి చాచి, కుడిచేత్తో లేని వింటినారి లాగి, చాలాసేపు అలాగే చూశారు. “గురి కాస్త కిందికి పెట్టి ఉంటే తగిలేది” అన్నారు. కాఫీ తాగాక నేను అడగకుండానే, మేము అమ్మేసిన చేని వైపు చూస్తూ, ఆ ఏడో బోరు పాయింటు ఇంకో పది బారలు పడమరకు పెట్టి ఉండాల్సిందన్నారు.