మూడో తరగతి, 41 మంది పిల్లలు, కొట్టకుండా అదుపులో పెట్టడం ఎలా?

మీరు రాసింది చదువుతుంటే నా మొదటి ఏడాది గుర్తొచ్చింది. జూన్‌లో చేరారు, మూడో తరగతికి క్లాస్ టీచర్, 41 మంది. అరిస్తే రెండు నిమిషాలు ఊరుకుంటారు, మళ్లీ మొదలు. మేనేజ్‌మెంట్ ‘మీకు కంట్రోల్ లేదు’ అంటోంది. స్టాఫ్ రూమ్‌లో ఒక సీనియర్ మేడం ‘స్కేలు పట్టుకుపో, అదే సెట్ అవుతుంది’ అన్నారు.

ముందు ఆ స్కేలు సంగతి తేల్చేస్తాను. 2009 విద్యా హక్కు చట్టం సెక్షన్ 17 ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. గోడ కుర్చీ వేయించడం, మోకాళ్ల మీద నిలబెట్టడం, అందరి ముందూ ‘నువ్వెందుకూ పనికిరావు’ అనడం కూడా ఇందులోకే వస్తాయని అనుకోండి. రేపు ఏదైనా జరిగితే ఆ మేడం వచ్చి మీ పక్కన నిలబడరు. అదే చట్టంలో ప్రైమరీకి 30 మందికి ఒక టీచర్ అని కూడా ఉంది లెండి, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

నేను హైదరాబాద్‌లో బోరబండ వైపు ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్లు చెప్పాను. బెంచీకి నలుగురు, ప్లేగ్రౌండ్ లేదు, కింద ఫ్లోర్‌లో నర్సరీ. మొదటి ఏడాది నేనూ అరిచాను. దసరా సెలవులొచ్చేసరికి గొంతు పూర్తిగా పోయింది. ఆ తర్వాత మనందరం చదువుకున్నప్పుడు చూసిన పద్ధతే పట్టుకున్నాను. క్లాస్ లీడర్‌ను నిలబెట్టి, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించడం. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ మార్కు. రెండు వారాలు క్లాసు భలే నిశ్శబ్దంగా ఉంది, ప్రిన్సిపల్ కూడా మెచ్చుకున్నారు. ఒకరోజు ఆ లీడర్ పిల్ల బ్యాగు బెంచీ మీంచి పడి తెరుచుకుంది. లోపల 14 రబ్బర్లు, మూడు షార్ప్‌నర్లు, సగం కొరికిన పల్లీ పట్టీ. బోర్డు మీద పేరు తుడిపించుకోవాలంటే అదీ రేటు! ఎనిమిదేళ్ల పిల్ల. తిట్టాలో, ఆ తెలివికి నవ్వాలో అర్థం కాలేదు. నేను చేయాల్సిన పని తీసుకెళ్లి దాని నెత్తిన పెట్టాను, అది దానికి తోచినట్టు చేసుకుంది.

ఆ తర్వాత వారం రోజులు ఒక పని చేశాను, మీరూ చేయండి. గొడవ మొదలైన ప్రతిసారీ టైమూ, సరిగ్గా అప్పుడు నేనేం చేస్తున్నానన్నదీ డైరీ వెనక రాసుకున్నాను. ఎవరు అల్లరి చేశారో రాయలేదు. శనివారం చూసుకుంటే నాకే సిగ్గేసింది. నేను వెనక్కి తిరిగి బోర్డు నిండా రాస్తున్నప్పుడు. టేబుల్ దగ్గర లైను కట్టించి నోట్‌బుక్స్ దిద్దుతున్నప్పుడు. లెక్కల పుస్తకం లోపల పెట్టి ఈవీఎస్ పుస్తకం తీసే ఐదు నిమిషాల్లో. ఇంటర్వెల్ అయ్యాక నేను ఇంకా స్టాఫ్ రూమ్ నుంచి వస్తున్నప్పుడు. దాదాపు అన్నీ ఇవే. కథ చెబుతున్నప్పుడు గొడవ జరిగింది ఒక్కసారే, అదీ బల్లి పడ్డందుకు.

అందుకని ముందు దిద్దే లైను ఎత్తేశాను. లైనులో నిలబడ్డ పదిమందికి చేతులు ఖాళీ, తోసుకోక ఏం చేస్తారు? ఎర్ర పెన్ను పట్టుకుని నేనే బెంచీల మధ్య తిరుగుతూ దిద్దడం మొదలుపెట్టాను. ఇంటర్వెల్‌కు వదిలేముందే తర్వాతి పని బోర్డు మీద రాసేసేదాన్ని. లోపలికి రాగానే కళ్ల ముందు ఏదో ఒకటి ఉండాలి. అందరికంటే ముందు రాసేసేవాళ్లతో ఇంకా కష్టం. నాలుగు నిమిషాల్లో ముగించి పక్కవాడి జడో, కాలరో లాగుతారు. వాళ్లకోసం ఒక డబ్బాలో పాత తెలుగు పేపర్ ముక్కలు పెట్టాను. ఒత్తులున్న పదాలు వెతికి గీత గీయాలి. కొన్నాళ్లకు ఆ డబ్బా కోసమే గబగబా, కోడిగీతలతో రాయడం మొదలెట్టారు, అది వేరే తలనొప్పి.

స్టార్ల చార్టు కూడా పెట్టి చూశాను. ఎప్పుడూ బుద్ధిగా ఉండే ఆ ఐదుగురికే స్టార్లన్నీ పోయాయి. నెలలో తీసేశాను.

నిశ్శబ్దం కావాలంటే ‘సైలెన్స్’ అని అరవడం, ‘ఫింగర్ ఆన్ లిప్స్’ రెండూ నాకు పనిచేయలేదు. ఆషాఢంలో బోనాల టైమ్‌కి మా పిల్లలు బెంచీల మీద తీన్మార్ కొట్టడం మొదలుపెట్టేవాళ్లు. ఆపలేక, దాన్నే వాడుకున్నాను. నేను చప్పట్లతో ఒక ముక్క కొడితే వాళ్లు అదే తిరిగి కొట్టాలి, మూడోసారికి చేతులు ఒళ్లో. వినాలంటే ఊరుకోవాలి కదా. మూడు వారాలకు పాతబడుతుంది, అప్పుడు కొత్త దరువు నేర్పమని వాళ్లనే అడగండి.

ఇంకో విషయం. ఒక బాబు రోజంతా బాగానే ఉండి తెలుగు పీరియడ్‌లోనే బెంచీ కిందికి దూరేవాడు. ఇంట్లో మాట్లాడేది హిందీ, మనం చెప్పేది సగం అర్థం కాదు. 2018 చట్టంతో మన తెలంగాణలో అన్ని బోర్డుల స్కూళ్లలోనూ తెలుగు తప్పనిసరి చేశారు కాబట్టి అలాంటి పిల్లలు మీ దగ్గరా ఉంటారు. రెండు భాషలూ వచ్చిన పిల్లను పక్కన కూర్చోబెట్టాను. కిందికి దూరడం పూర్తిగా పోలేదు కానీ వారానికి ఒకటీ రెండుసార్లకు వచ్చింది.

డైరీలో కంప్లైంట్ రాయాలా అని అడిగారు. నేను రాసినవాటిలో సగం పేజీలు ఇంటికి చేరేలోపే చిరిగిపోయాయి. చేరినవాటికి ఇంట్లో దెబ్బలు పడ్డాయి. స్కూలుకొచ్చిన అమ్మానాన్నలైతే ‘కండ్లు ఇడిసిపెట్టి తోలు తీయుండ్రి మేడం’ అనేవాళ్లు. అందుకే ఒక సంవత్సరం, బాగా అల్లరి చేసే ముగ్గురి ఇళ్లకు జూలైలోనే ఫోన్ చేశాను, వాళ్లు చేసిన ఒక్క మంచి పని చెప్పడానికి. ఒకమ్మ ఫోనెత్తగానే, ‘మళ్లేం జేసిండు మేడం?’ అంది. ‘ఏం చేయలేదమ్మా, ఇవాళ పద్యం తప్పులేకుండా చదివాడు’ అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా అడిగింది, ‘మావోడేనా మేడం? వేరే పిలగాడేమో, జర చూడుండ్రి.’