దవడకీ ఫిజియోథెరపీనా?

ప్రశ్న: నా వయసు 24. కింది దవడ ముందుకొచ్చి ఉండటంతో ఏడాదిన్నరగా పళ్లకు క్లిప్పులు వేసుకున్నాను. ఇంకో రెండు నెలల్లో దవడకు ఆపరేషన్. ఇప్పుడే ఒకసారి ఫిజియోథెరపిస్టుని కలవమని సర్జన్ గారు చెప్పారు. ఫిజియో అంటే మోకాళ్లకీ నడుముకీ కదా, దవడకు ఏం చేస్తారు? కదపకుండా ఉంటేనే ఎముక అతుక్కుంటుందని మా పెద్దమ్మ అంటోంది. ఆవలిస్తే చెవి దగ్గర టక్కుమని శబ్దం వస్తుంది. అది కూడా చెప్పాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: మీ పెద్దమ్మ గారు చెప్పింది సగం నిజం. కోసిన ఎముకను టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. అది గట్టిపడటానికి సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అందుకే అప్పటిదాకా నమలడం వద్దంటారు. అయితే ఎముక అతుక్కునేలోపు చుట్టూ ఉన్న కండరాలు, కీళ్లు బిగుసుకుపోతాయి. ఆ సంగతి నాకు పుస్తకాల్లో చదివినప్పటికంటే జ్ఞానదంతం తీయించుకున్నప్పుడు బాగా అర్థమైంది. భయంతో పది రోజులు నోరు సరిగ్గా తెరవలేదు. పదకొండో రోజున బ్రష్ కూడా లోపల తిప్పుకోలేకపోయాను. ఫిజియోథెరపిస్టునై ఉండి!

మోకాలు అన్నారు కాబట్టి చెబుతున్నాను. దవడ అంతకంటే చిత్రమైనది. ఒకే ఎముకకు కుడివైపొకటి, ఎడమవైపొకటి, రెండు కీళ్లు. ఒకటి మొరాయిస్తే నోరు తెరిచేటప్పుడు గడ్డం ఆ పక్కకే వంకరపోతుంది.

ఈ రెండు నెలల్లో మీరు చేయాల్సిన మొదటి పని కొలత. అద్దం ముందు నిలబడి, నొప్పి లేనంతవరకు నోరు తెరిచి, పై ముందు పంటి అంచు నుంచి కింది పంటి అంచు దాకా స్కేలుతో ఎన్ని మిల్లీమీటర్లో రాసుకోండి. పెద్దవాళ్లకు మామూలుగా 40 నుంచి 50 దాకా ఉంటుంది. స్కేలు లేకపోతే మీ చేతి మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. ఆపరేషన్ తర్వాత మనం మళ్లీ ఎక్కడికి చేరాలో ఈ అంకే చెబుతుంది. ఒకసారి ఒకబ్బాయి 30 దగ్గర ఆగిపోయి వచ్చాడు. ముందు ఎంత తెరుచుకునేదో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. చివరికి అతను పగలబడి నవ్వుతున్న పాత ఫోటో వెతుక్కుని అంచనా వేసుకున్నాం.

టక్కుమనే శబ్దం గురించి తప్పకుండా చెప్పండి. నొప్పి లేని శబ్దం చాలామందికి ఉంటుంది, దానికి వైద్యం అక్కర్లేదు. నొప్పి ఉన్నా, దవడ ఎప్పుడైనా పట్టేసినా ఆ విషయం సర్జన్‌కు ముందే తెలియాలి. ఆపరేషన్‌తో శబ్దం పోతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడే నేర్చుకోవాల్సిన వ్యాయామం ఒకటుంది. 'ల' అన్నప్పుడు నాలుక కొస తగిలే చోటే దాన్ని ఆనించి ఉంచి, మెల్లగా నోరు తెరిచి మూయండి. నాలుక అక్కడే ఉంటే దవడ ముందుకు జారదు, తిన్నగా తెరుచుకుంటుంది. ఇప్పుడు రెండు నిమిషాల్లో వస్తుంది. ముఖం వాచి, పెదవి మొద్దుబారి ఉన్నప్పుడు కొత్తగా నేర్పడం నాకూ కష్టమే. పళ్లు కొరుక్కునే అలవాటుంటే, పెదవులు కలిసినా పళ్లు కలవకుండా ఉంచడం కూడా ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి.

ఆపరేషన్ తర్వాత వ్యాయామం ఏ రోజు మొదలుపెట్టాలో సర్జన్ చెప్పాలి, నేను కాదు. కొందరికి పళ్ల మధ్య రబ్బరు బ్యాండ్లే ఉంటాయి. కొందరికి దవడలను తీగలతో కట్టేస్తారు, అవి తీసేదాకా నోరు తెరిచే ప్రశ్నే లేదు. అనుమతి వచ్చాక రోజుకు ఒక్కసారి అరగంట కష్టపడేకంటే, ఐదారుసార్లు రెండేసి నిమిషాలు చేయడం మేలు. లాగినట్టు ఉండాలి, పొడిచినట్టు ఉండకూడదు. మర్నాడు పొద్దుటికీ నొప్పి తగ్గలేదంటే ఎక్కువ చేశారన్నమాటే. పళ్ల మధ్య చెక్కపుల్లలు పేర్చి, ఒక్కొక్కటే పెంచుతూ సాగదీయడం ఎముక గట్టిపడ్డాక, అదీ సర్జన్ సరేనన్నాకే.

కింది పెదవి, గడ్డం మొద్దుబారడం ఈ ఆపరేషన్‌లో మామూలే, ఎందుకంటే వాటికి స్పర్శనిచ్చే నరం కింది దవడ ఎముక లోపలినుంచే వెళ్తుంది. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో స్పర్శ తిరిగొస్తుంది, కొందరికి కొంత అలాగే మిగిలిపోతుంది. అద్దంలో చూసుకుంటూ, స్పర్శ బాగా ఉన్న చోట దూదితో రాసి, వెంటనే మొద్దుబారిన చోట రాయమంటాను. తాగేవి ఎంత వేడిగా ఉన్నాయో ముందు చేత్తో చూసుకోండి, పెదవి కాలినా తెలియదు.

పళ్లు కలిసే తీరు ఉన్నట్టుండి మారినా, తగ్గిన వాపు మళ్లీ పెరిగినా, జ్వరం వచ్చినా, చీము కనిపించినా వ్యాయామం ఆపి ముందు సర్జన్ దగ్గరికి వెళ్లండి.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లేముందు సర్జన్‌ని మూడు ప్రశ్నలడిగి కాగితం మీద రాసుకోండి: బ్యాండ్లా, తీగలా? నోరు తెరవడం ఏ రోజు నుంచి? గట్టిగా సాగదీయడం ఎప్పటినుంచి? మీ కొలత కూడా ఆ కాగితం మీదే ఉంటే ఇంకా మంచిది.