బీకాం రెండో ఏడాదిలో ఫైనాన్స్ ఇంటర్న్‌షిప్‌కి ఎలా సిద్ధం కావాలి?

హైదరాబాద్‌లో మామూలు డిగ్రీ కాలేజీ, క్యాంపస్‌కి కంపెనీలు రావు, వచ్చే వేసవికి ఇంటర్న్‌షిప్ కావాలి, ఏ కోర్సు చేస్తే వస్తుంది అని అడిగారు, ఇంగ్లీష్ అంటే టెన్షన్ అని కూడా అన్నారు. 2021-22లో నా పరిస్థితి కూడా అచ్చం ఇదే. కాబట్టి కోర్సు పేరు ఒకటి చెప్పి వదిలేయలేను.

అప్పటికి నా దగ్గర ఆన్‌లైన్ సర్టిఫికెట్లు ఆరు ఉన్నాయి. మొదటి ఇంటర్వ్యూ ఒక చిన్న సంస్థలో జరిగింది. ఆ సర్టిఫికెట్ల గురించి ఎవరూ అడగలేదు. "డిప్రిసియేషన్ పది రూపాయలు పెరిగితే మూడు స్టేట్‌మెంట్లలో ఏమేం మారతాయి?" అన్నారు. డిప్రిసియేషన్ అంటే యంత్రాల్లాంటి ఆస్తుల అరుగుదలకి ఏటా ఖర్చుగా రాసే మొత్తం; మూడు స్టేట్‌మెంట్లంటే లాభనష్టాల ఖాతా, క్యాష్ ఫ్లో (నగదు రాకపోకలు), బ్యాలెన్స్ షీట్ (ఆస్తులు, అప్పుల పట్టిక). లాభం తగ్గుతుందని చెప్పి ఆగిపోయాను. పరీక్షల్లో డిప్రిసియేషన్ లెక్కలు ఎన్నో చేశాను, కానీ ఒక స్టేట్‌మెంట్ నుంచి ఇంకోదానికి ఎప్పుడూ వెళ్లి చూడలేదు.

ఇది మీకూ ఎదురయ్యే ప్రశ్నే, చూడండి. పన్ను 25 శాతం అనుకుందాం. పన్నుకు ముందు లాభం 10 తగ్గుతుంది, పన్ను 2.50 తగ్గుతుంది, నికర లాభం 7.50 తగ్గుతుంది. డిప్రిసియేషన్ కోసం చేతి నుంచి డబ్బేమీ పోలేదు కాబట్టి క్యాష్ ఫ్లోలో ఆ 10 తిరిగి కలుపుతాం. అంటే నగదు 2.50 పెరుగుతుంది. బ్యాలెన్స్ షీట్‌లో నగదు 2.50 పెరిగి, స్థిరాస్తుల (యంత్రాలు, భవనాలు లాంటివి) విలువ 10 తగ్గి, ఆస్తులు మొత్తం మీద 7.50 తగ్గుతాయి. అవతలి వైపు రిజర్వులు (కంపెనీలో పోగైన లాభాలు) కూడా అంతే తగ్గుతాయి. ఇది బట్టీ పట్టొద్దు. అప్పు తెస్తే, సరుకు అరువుకి అమ్మితే ఏమవుతుందో కాగితం మీద మీరే వేసి చూడండి.

నాకు అసలు దారి చూపించింది మాత్రం వార్షిక నివేదిక. మా నాన్నకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులు ఉన్నాయి. నాకు బాగా తెలిసిన వ్యాపారం అదొక్కటే. అందుకని రొయ్యల మేత తయారుచేసే అవంతి ఫీడ్స్ నివేదిక తెరిచాను. సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుందని, మా ఇంట్లో మేత బస్తాలు డీలర్ దగ్గర అరువు తెచ్చి రొయ్యల పట్టుబడి అయ్యాక కడతారని నాకు తెలుసు. మరి ఆ అరువు కంపెనీ భరిస్తోందా, డీలర్ భరిస్తున్నాడా? ట్రేడ్ రిసీవబుల్స్‌ని (అరువుకి అమ్మినందుకు కంపెనీకి ఇంకా రావాల్సిన డబ్బుని) అమ్మకాలతో భాగించి, 365తో గుణించి, ఎన్ని రోజుల అరువో లెక్కేశాను. క్లాసులో ఎన్నోసార్లు చేసిన నిష్పత్తే, కానీ అది మా ఊరి మేత కొట్టు గురించి మాట్లాడుతోందని ఆ రోజే తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

తర్వాత ఐదేళ్ల అంకెలు ఎక్సెల్‌లో చేత్తో ఎక్కించాను. సైట్ల నుంచి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, కానీ చేత్తో ఎక్కిస్తేనే ఏ అంకె నివేదికలోని ఏ నోట్‌లో (వివరణలో) ఉందో తెలుస్తుంది. 2021లో సోయా ధర మండిపోయింది. ఆ ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల సోయా మీల్ దిగుమతికి అనుమతిచ్చింది. మేతలో సోయా ముఖ్యమైన ముడిసరుకు, కాబట్టి త్రైమాసిక ఫలితాల్లో మార్జిన్ (అమ్మకాల్లో లాభం శాతం) ఎలా కదులుతోందో గమనిస్తూ ఒక పేజీ నోట్ రాశాను. దాదాపు మూడు నెలలు పట్టింది.

ఆ పేజీని జోడించి జనవరి నుంచి లింక్డ్‌ఇన్‌లో, కంపెనీలను విశ్లేషించే రీసెర్చ్ విభాగాల్లో ఉన్నవాళ్లకి రాశాను. ఇంటర్న్‌షిప్ ఉందా అని కాదు, "ఇందులో నేను ఎక్కడ తప్పు చేశానో చెబుతారా" అని. నలభై మందికి రాస్తే ఐదుగురు జవాబిచ్చారు. వాళ్లలో ఒకరు తప్పులు దిద్దారు, ఏప్రిల్‌లో ఇంటర్వ్యూకి పిలిచారు. 2022 వేసవిలో రెండు నెలలు అక్కడే చేశాను.

కాబట్టి మీకు తెలిసిన వ్యాపారం ఎంచుకోండి. ఇంట్లో పాడి ఉంటే హెరిటేజ్ ఫుడ్స్, ఫార్మాలో పనిచేసేవాళ్లు ఉంటే డాక్టర్ రెడ్డీస్. నివేదికలు కంపెనీ వెబ్‌సైట్‌లోనూ బీఎస్ఈ (స్టాక్ ఎక్స్ఛేంజ్) సైట్‌లోనూ ఉచితంగా దొరుకుతాయి.

రీసెర్చ్ దొరక్కపోతే సీఏ ఆఫీసుని చిన్నచూపు చూడకండి. జులైలో రిటర్నుల పని, సెప్టెంబర్ నెలాఖరు దాకా ట్యాక్స్ ఆడిట్ పని ఉంటుంది, మనుషులు కావాలి. ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), బ్యాంక్ రీకన్సిలియేషన్ (బ్యాంకు లెక్కని మన పుస్తకాలతో సరిపోల్చడం), జీఎస్టీ సరిచూడటం నేర్పిస్తారు. అసలు బిల్లులు చూసినవాడికి బ్యాలెన్స్ షీట్ వేరేలా కనిపిస్తుంది.

డబ్బు కట్టమనే ఇంటర్న్‌షిప్‌కి మాత్రం దయచేసి వెళ్లకండి. నా స్నేహితుడు ఐదు వేలు కట్టి చేరాడు. బంధువులతో డీమ్యాట్ ఖాతాలు (షేర్లు ఉంచుకునే ఖాతాలు) తెరిపించడం తప్ప అక్కడ వేరే పనేమీ లేదు. ఆ డబ్బు వాళ్లమ్మ చీటీ డబ్బు. ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది. ఎలాగూ ఖర్చు పెట్టాలనుకుంటే షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఏర్పాటు చేసిన ఎన్ఐఎస్ఎం అనే శిక్షణ సంస్థ పరీక్షల్లో రీసెర్చ్ అనలిస్ట్‌ది రాయండి. సిలబస్ పనికొస్తుంది.

ఇంగ్లీష్ గురించి టెన్షన్ అన్నారు కదా. నేను టెన్త్ దాకా తెలుగు మీడియం. ఆ ఒక్క కంపెనీ గురించి రోజూ పది నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకుని వినేవాణ్ని. ఇంటర్వ్యూలో నా వాక్యాలు తడబడ్డాయి, కానీ వాళ్లు రొయ్యల గురించి ఇంకా ఇంకా అడుగుతూనే ఉన్నారు. మీకు ఏ వ్యాపారం దగ్గరగా తెలుసో కింద రాయండి, ఏ కంపెనీతో మొదలుపెట్టవచ్చో చూసి చెబుతాను.