బెంటన్ కౌంటీలో కాపురం పెట్టబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు హ్యూస్టన్‌లో రెసిడెన్సీ ముగించుకొని, ఐయోవా రాష్ట్రం బెంటన్ కౌంటీలోని వింటన్‌లో జులై నుంచి పనిచేయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. శిక్షణ కోసం ఇచ్చే జె-1 వీసా మీద వచ్చిన మన పిల్లలు ఎందరో డాక్టర్ల కొరత ఉన్న ఇటువంటి పల్లె కౌంటీలలో మూడేళ్ళ ఒప్పందం మీద చేరుతున్నారు. వైద్యం నీకు వచ్చు, మనుషులు త్వరలోనే దగ్గరవుతారు. ఇక్కడి వాతావరణాన్ని మాత్రం ఎవరైనా ముందుగా చెప్పి ఉంచడం మంచిదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

గుంటూరులో పెరిగిన మనకు తుపాను అంటే తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటక ముందు, అది వస్తున్నదని రోజుల తరబడి వింటూనే ఉన్నాం. బెంటన్ కౌంటీలో ఆ వ్యవధి తరచుగా దొరకదు. కెనడా ఉత్తర కొస నుంచి మెక్సికో సింధుశాఖ దాకా ఈ ఖండం నడుమ అడ్డంగా ఒక్క పర్వతశ్రేణి కూడా లేదు కనుక, ఉత్తరాన ఉన్న పొడి చలిగాలీ దక్షిణాన ఉన్న తేమగాలీ అడ్డూ ఆపూ లేకుండా వచ్చి ఈ మైదానం మీదే కలుసుకుంటాయి. ఉదయం చొక్కాతో తిరిగిన మనిషికి సాయంత్రానికి కోటు అవసరమయ్యే రోజులు ఇక్కడ ఉంటాయి. అందువల్ల నేను చెప్పేది ఒక్కటే: ఏ రుతువుకు కావలసిన ఏర్పాట్లనైనా దానికి ముందు రుతువులోనే పూర్తి చేసుకో.

నువ్వు దిగేది జులైలో. పగటి వేడి 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుందని విని తేలికగా తీసుకోవద్దు. అప్పటికి మొక్కజొన్న నిలువెత్తు పెరిగి, ఎకరం చేను రోజుకు 11,000 నుంచి 15,000 లీటర్ల నీటిని ఆవిరిగా వదులుతుంది. ఆ తేమకు ఉక్కపోత మన కోస్తా ఉక్కపోతకు తీసిపోదు. పొలాల్లో పనిచేసి వచ్చే ముసలివారిని వడదెబ్బ లక్షణాల కోసం ప్రత్యేకంగా చూడు. వారంతట వారు బాధ చెప్పుకోరు.

ఆ తేమే పెద్ద గాలివానలకు బలమిస్తుంది. 2020 ఆగస్టు 10న దక్షిణ డకోటాలో ఉదయం మొదలైన గాలివాన ఒకటి, పద్నాలుగు గంటల్లో దాదాపు 1,240 కిలోమీటర్లు ప్రయాణించి ఒహాయో దాకా వెళ్ళింది. అటువంటి దాన్ని ఇక్కడ డెరేచో అంటారు. మీ కౌంటీలోనే ఉన్న ఆట్కిన్స్ దగ్గర ఆ రోజు గాలి వేగం గంటకు 203 కిలోమీటర్లుగా నమోదైంది. మామూలు గాలివాన విసురు కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది, అది మాత్రం కొన్నిచోట్ల అరగంటకు పైగా వీచి, కోతకు రావలసిన మొక్కజొన్నను నేలకు పరిచేసింది. చాలా ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు.

కాబట్టి బేస్‌మెంట్, అంటే నేల కింద గది, లేని ఇల్లు ఎంత అందంగా ఉన్నా తీసుకోకు. సుడిగాలి వచ్చినా డెరేచో వచ్చినా అక్కడికే దిగాలి. వీధిలో మోగే సైరన్ ఆరుబయట ఉన్నవారి కోసం పెట్టినది, ఇంట్లో నిద్రపోయేవారిని లేపుతుందని నమ్మరాదు. వాతావరణ హెచ్చరికలు వినిపించే, బ్యాటరీతో పనిచేసే వెదర్ రేడియో కొని, బెంటన్ కౌంటీ కోడ్ పెట్టి, పడకగదిలో ఉంచుకో. మీ ప్రాంతానికి హెచ్చరికలు ఇచ్చేది డావెన్‌పోర్ట్‌లోని జాతీయ వాతావరణ సేవ కార్యాలయం. "వాచ్" అని చెబితే పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయని, "వార్నింగ్" అంటే ప్రమాదం వచ్చేసిందని అర్థం. వార్నింగ్ విన్నాక కిటికీ దగ్గరికి వెళ్ళి ఆకాశం చూడకుండా పాపను ఎత్తుకొని కిందికి దిగు.

ఊరికి దూరంగా పొలాల మధ్య ఇల్లు తీసుకుంటే, దాన్ని వేడి చేసేది చాలావరకు ప్రొపేన్ గ్యాస్. ఆ ట్యాంకును ఎండాకాలం పోకముందే నింపించుకోవాలి. తడిసిన మొక్కజొన్నను ఆరబెట్టడానికి రైతులు వాడేదీ ఆ ఇంధనమే. 2013 శరదృతువులో పంట తడిగా, ఎక్కువగా రావడంతో నిల్వలు తరిగి, ఆ చలికాలంలో మధ్యపశ్చిమమంతటా ప్రొపేన్‌కు కటకట ఏర్పడి ధరలు విపరీతంగా పెరిగాయి.

ఇక చలికాలం గురించి విడిగా, వివరంగా చెప్పాలి. జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత సగటున సున్నాకు 12 డిగ్రీలు దిగువన ఉంటుంది. అంతవరకు మంచి బట్టలతో నెగ్గుకురావచ్చు. ఉత్తర ధ్రువపు గాలి జారి వచ్చినప్పుడు మాత్రం సంగతి వేరు. 2019 జనవరి 31న మిసిసిపీ నదికి ఆవల ఇల్లినాయ్‌లోని మౌంట్ కారొల్‌లో మైనస్ 39 నమోదైంది, అది ఆ రాష్ట్రపు రికార్డు. చలికి గాలి తోడై ఒంటికి మైనస్ 35గా తగిలే రోజున, కప్పుకోని చర్మం అరగంటలోపే గడ్డకట్టవచ్చు. ఒక్క బరువైన కోటు కన్నా లోపల ఉన్ని, పైన గాలి చొరబడని పొర మేలు. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకుంటే మందపాటి మేజోళ్ళు పడతాయి.

నాకు ఎక్కువ బెంగ నీ కారు ప్రయాణాల గురించే. మంచు కురవడం ఆగి, ఆకాశం నీలంగా ఉన్న రోజున కూడా, బోసిపోయిన పొలాల మీదుగా గాలి ఆ పొడి మంచును లేపి, ముందున్న రోడ్డు కనిపించకుండా చేస్తుంది. గాలికి అడ్డంగా ఉన్న కంకర రోడ్ల మీద అది గుట్టలుగా పేరుకుంటుంది. నవంబరు రాకముందే కారులో దుప్పట్లు, పార, టార్చిలైటు, తినడానికి ఏదైనా, ఫోన్ చార్జర్ పెట్టుకో. పెట్రోలు ట్యాంకును సగం కన్నా తగ్గనీయకు. దారిలో చిక్కుకుంటే కారు వదిలి దీపం కనిపించే ఇంటివైపు నడవవద్దు. ఆ తెల్లదనంలో దూరం, దిక్కు రెండూ తెలియవు. సైలెన్సర్ గొట్టానికి అడ్డుపడిన మంచును తీసేసి, గంటకు పది నిమిషాలు మాత్రమే ఇంజన్ నడుపు, అద్దం కాస్త దించి ఉంచు. బయలుదేరే ముందు 511కు ఫోన్ చేసి రోడ్ల పరిస్థితి తెలుసుకో. ప్రయాణం తగదని అక్కడ చెప్పినప్పుడు, ఆసుపత్రిలో రోగి నీ కోసం ఎదురుచూస్తున్నా సరే ఆగిపో. నువ్వు కందకంలో పడితే ఆ రోగికి డాక్టరు ఉండదు, నీ కోసం మరో ఇద్దరు ప్రమాదంలో దిగవలసి వస్తుంది. మంచు తుపాను రోజుల్లో ఆన్-కాల్ డాక్టర్లు ముందు రాత్రే ఆసుపత్రిలో పడుకునే ఏర్పాటు ఉందేమో చేరిన మొదటి వారంలోనే అడుగు. లేకపోతే పెట్టమని అడుగు. అలా అడిగినందుకు నిన్ను ఎవరూ తక్కువగా చూడరు.

వసంతం సంగతి క్లుప్తంగా చెబుతాను. మంచు కరిగి, మే, జూన్ వానలు తోడైనప్పుడు నేలలో నీరు నిండి బేస్‌మెంట్‌లోకి ఊరుతుంది, దాన్ని తోడే సంప్ పంప్‌కు బ్యాటరీ కూడా ఉండాలి. 2008 జూన్‌లో సీడర్ నది వింటన్‌లోకి పొంగింది. నది ఒడ్డు ఇల్లు నీకు వద్దు, అద్దె ఎంత తక్కువైనా వద్దు.

ఇళ్ళు చూడటానికి వెళ్ళినప్పుడు గదుల ఫోటోలతో పాటు బేస్‌మెంట్ గోడల అడుగుభాగం, సంప్ పంప్, ఇంటిని వేడి చేసే ఫర్నేస్ ఫోటోలు కూడా తీసి పంపించు. సంతకం చేసే ముందు నాకు ఫోన్ చెయ్యి. అల్లుడికి, పాపకు నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ