కొత్త మందు వస్తుందని ఉన్న మాత్రలు ఆపకండి

మెదడులో కొత్త కణాలు పుట్టించే డిప్రెషన్ మందులు వస్తున్నాయట, అప్పటిదాకా మా తమ్ముడి మాత్రలు ఆపేయొచ్చా అని అడిగారు. దయచేసి ఆపకండి. నేనూ ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర వాడినదాన్నే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొదట్లో నాకు కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం తప్ప ఏ తేడా తెలియలేదు. ఇంట్లోవాళ్లు "ఇంకెన్నాళ్లే ఆ మాత్రలు" అంటుంటే టెన్షన్ ఇంకా పెరిగేది. మెదడు కణాల మధ్య సందేశాలు మోసే సెరొటోనిన్ అనే రసాయనం మీద మాత్ర పని గంటల్లోనే మొదలవుతుంది కదా, మరి మనసు తేరుకోవడానికి వారాలెందుకు అని చదవబోతే ఈ కణాల సంగతి తగిలింది. 2000లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో రొనాల్డ్ డ్యూమన్ బృందం ఎలుకలకు డిప్రెషన్ మందులు వారాల తరబడి ఇచ్చి చూస్తే, మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలో కొత్త కణాలు పెరిగాయి. 2003లో అక్కడి కొలంబియా యూనివర్సిటీలో రెనే హెన్ బృందం ఆ భాగానికి ఎక్స్‌రేలు పెట్టి కొత్త కణాలు పుట్టకుండా చేసింది, అప్పుడు చిట్టెలుకలకు ఫ్లూఆక్సెటిన్ అనే పాత డిప్రెషన్ మందు ఇచ్చినా గుణం కనిపించలేదు. అంటే కొత్త మందు చేస్తుందంటున్న పనిని ఈ పాత మాత్రలే కొంత చేస్తుండొచ్చు. మనుషుల్లో మాత్రం ఇంకా తేలలేదు. 2018లో ఒక బృందం పెద్దవాళ్ల మెదడులో కొత్త కణాలు దాదాపు లేవంటే, ఇంకో బృందం ముసలితనంలోనూ పుడతాయంది.

కచ్చితంగా కొత్త కణాలు పుట్టించే పనికోసమే అమెరికాలో న్యూరల్‌స్టెమ్ కంపెనీ ఎన్‌ఎస్‌ఐ-189 అనే మాత్ర తయారుచేసింది. 220 మంది మీద పరీక్షిస్తే, 2017లో వచ్చిన ఫలితాల్లో, డాక్టర్లు లెక్కకట్టే ప్రధాన స్కోరులో అది మందు లేని ఉత్తుత్తి మాత్రను దాటలేకపోయింది. నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే దానిమీద నేనూ చాలా ఆశ పెట్టుకున్నాను. 2019లో అక్కడ అనుమతి వచ్చిన ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రే కొందరికి గంటల్లోనే పనిచేస్తుంది, కానీ కొత్త కణం ఎదిగి పనిలోకి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆ గుణం, ముందునుంచీ ఉన్న కణాల మధ్య కొత్త అతుకుల వల్ల వస్తుందని ఎక్కువమంది అనుకుంటున్నారు.

మీ తమ్ముడికి ఆరు వారాలు దాటినా తేడా లేకపోతే డాక్టరుకు చెప్పండి, డోసు పెంచడమో మందు మార్చడమో చేస్తారు. ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడిపోవడం ఉంటాయి, అందుకే డాక్టర్లు కూడా మెల్లగానే తగ్గిస్తారు. చచ్చిపోతాను లాంటి మాట వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వం నడిపే మానసిక సహాయ ఫోన్ లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళకైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.